అమ్మాయి సైకిలు మీద బడికెళ్తోందా?

అమ్మాయి సైకిలు వీధి మలుపు తిరిగేదాకా మీరూ గడపలోనే నిలబడతారు కదూ! చోడవరం తల్లులకి ఆ బెంగ మరీ ఎక్కువ. భీమునిపట్నం-నర్సీపట్నం రోడ్డు ఊళ్లోంచే పోతుంది. బస్సులు, లారీలు, ఆటోలు అన్నీ దానిమీదే. చెరకు పండే ప్రాంతం కాబట్టి కోతల రోజుల్లో ట్రాక్టర్లు కూడా.

2017లో సర్కారు బడుల్లో చదివే ఆడపిల్లలకి ‘బడికొస్తా’ పథకం కింద సైకిళ్లిచ్చారు. భయపడి సైకిలు మూలన పెట్టేస్తే బడి దూరమయ్యేది పిల్లకే.

అసలు ముందు చూసుకోవాల్సింది లారీని కాదు, చున్నీని! గాలికి జారి చైనులోనో, చువ్వల్లోనో చుట్టుకుందంటే పిల్ల బోర్లా పడుతుంది. రెండు కొసలూ వెనక్కి తీసి నడుము దగ్గర ముడి వేయండి. చైనుకి కవరు వేయించండి. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు నేలకి ఆనాలి. ‘రేపు ఎదుగుతుందిలే’ అని పెద్ద సైకిలు కొనేస్తాం మనం. అదేమన్నా గౌనా, మడిచి కుట్టడానికి!

ట్రాక్టరు మలుపు తిరిగేటప్పుడు వెనక తొట్టి లోపలివైపుకి జరిగిపోతుంది. ఆ సందులో దూరకుండా వెనకే ఆగమని చెప్పండి. ట్యూషన్ నుంచి చీకటిపడి వచ్చే పిల్లయితే వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి.

ఒక ఆదివారం పొద్దున్నే బడిదాకా మీరూ తోడు వెళ్లండి. గోతులెక్కడున్నాయో, ఎక్కడ దిగి నడిపించుకోవాలో పిల్లనే మీకు చూపించమనండి.