పాత ట్రాక్టరు బలము తగ్గినచో మొదట చూడవలసినవి



ఎద్దు మేత మాని తల వ్రేలవేసినప్పుడు మనము వెంటనే దానిని సంతకు తోలము. నాలుక చూతుము, కడుపు తట్టిచూతుము, నిన్న నేమి మేసినదో విచారింతుము. ట్రాక్టరు విషయమున మాత్రము మనలో పలువు రీ విచారణ చేయరు. ఇంజను కొంచెము తడబడినంతనే "బోరు పోయినది" అను మాట వినబడును. ఆ మాటతోనే అప్పును మొదలగును.

కొన్నియేండ్ల క్రిందట కోతల కాలమున జరిగిన సంగతి యొకటి చెప్పెదను. సంఘ సభ్యుడొకరు ధాన్యపు బస్తాలు నింపిన ట్రక్కుతో యార్డునకు బయలుదేరెను. బండి 20 ఏండ్ల నాటిది. అరగంట బాగుగ నడచి, కాలువకట్ట యెక్కుచోట తడబడి ఆగిపోయెను. కొంతసేపు నిలిపినచో మరల నడచును. మరల అరగంటకు ఆగును. ఆకాశమున మబ్బు పట్టియుండెను. మేకానిక్కు చూచి, ఇంజను విప్పి బోరు చేయింపవలె ననెను. సభ్యుడు ఇంటిలోని నగ తాకట్టు పెట్ట నిశ్చయించుకొని నాయొద్దకు వచ్చెను.

అరిగిన బోరు అరగంట విశ్రాంతితో బాగుపడదుగదా యని నాకు తోచినది. నేను ఫిల్టరును అనుమానించి మార్పించితిని, ఫలము లేకపోయెను. పిమ్మట డీజిలు పోయుటకై టాంకు మూత త్రిప్పగా, బుస్సుమని గాలి లోనికి పోయిన చప్పుడు వినబడెను. మూతకున్న సన్నని గాలిరంధ్రము దుమ్ముతో పూడియుండెను! డీజిలు తగ్గినకొలది దానిచోటికి గాలి చొరలేదు; అందువలన నూనె క్రిందికి జారుట మానెను. సన్నని తీగతో రంధ్రమును శుభ్రము చేసితిమి. నగ ఇంటనే నిలిచెను. బస్తాలు వానకు ముందే యార్డు చేరెను.

డీజిలింజనుకు ముఖ్యముగ మూడు కావలెను: శుభ్రమైన నూనె, చాలినంత గాలి, బిగువైన అదుముడు. పెట్రోలింజనుకువలె నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు దీనికి లేదు. సిలిండరులోని గాలిని సుమారు 16 నుండి 18వ వంతునకు అదిమినచో, అది 500 సెంటీగ్రేడు డిగ్రీలను మించి వేడెక్కును. ఆ వేడికే నూనె అంటుకొనును. రుడాల్ఫ్ డీజెల్ 1897లో నడిపి చూపిన యింజను సూత్ర మిదియే. బలము తగ్గినచో ఈ మూడింటిలో నేది కొరవడినదో మొదట విచారింపవలెను.

పొగయే మంచి సాక్షి. బరువు లాగునప్పుడు నల్లని పొగ దట్టముగ వచ్చినచో గాలి చాలలేదనియో, నూనె యెక్కువగుచున్నదనియో, బరువు మించినదనియో గ్రహింపవలెను. నీలిపొగ యింజనాయిలు మండుచున్నదని తెలుపును. రింగులు, బోరు అరిగియుండవచ్చును. ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ మానకున్నచో నూనె సరిగ మండుట లేదు, లేదా నీరు లోనికి చేరుచున్నది. పొగ లేకయే బలము తగ్గినచో నూనె చాలుట లేదని మొదట అనుమానింపుడు.

ఖర్చు లేని పరీక్షలతో మొదలిడుడు. టాంకు మూత సడలించి నడిపిచూడుడు. ఫిల్టరు అడుగునగల మరను విప్పి కొంచెము నూనె గాజుపాత్రలో పట్టుడు. నీరు బరువైనది గనుక అడుగున నిలిచి కనబడును. ఎయిర్ క్లీనరు విప్పి, తడిరకమైనచో బురదపట్టిన ఆయిలును తీసివేసి, గీతవరకు మాత్రమే క్రొత్తది పోయుడు. నూనెదారిలో గాలి పట్టినచో ఫిల్టరుపై మరను వదులుచేసి, చేతిపంపును బుడగలు మానువరకు కొట్టి, తిరిగి బిగింపుడు. ఇంజను వేగము పెరిగియు చక్రములు తిరుగకున్నచో తప్పు క్లచ్చుది. బ్రేకులు పట్టియున్నచో మంచి యింజనుకును బరువెక్కును. ఇవి యన్నియు సరిగ నున్నప్పుడే యింజక్టర్లు, వాల్వులు, కంప్రెషను చూచుటకు నేర్పరిని పిలువవలెను.

ఒక హెచ్చరిక: ఇంజక్టరు నుండి చిమ్ము నూనెకు చేయి అడ్డుపెట్టరాదు. అది సూదివలె చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగ కనబడినను, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సాయంత్రము పని ముగించినపిమ్మట టాంకు నింపుట మంచి యలవాటు. ఖాళీ టాంకులో రాత్రి చలికి తేమ నీరై చేరును. బండి యెప్పుడు తడబడెనో, ఎంతసేపటికి ఆగెనో, పొగ యేరంగుదో యొక పుస్తకమున వ్రాసియుంచుడు. మేకానిక్కునొద్దకు ఆ పుస్తకముతో పోయిన రైతును "బోరు పోయినది" అను నొక్క మాటతో భయపెట్టుట కష్టము.