అడిగినదానికే బదులు చెప్పే అబ్బాయి

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, ఓ నవల పట్టుకుని నడుం వాల్చే అలవాటు మీలో చాలామందికి వుండే వుంటుంది. అలా నేను చదివిన నవల ఒకటి ఇవాళ చెబుతాను. అమెరికా రచయిత్రి జోడీ పీకో రాసిన 'హౌస్ రూల్స్', 2010లో వచ్చింది. మన మాటల్లో 'ఇంటి కట్టుబాట్లు' అనుకోండి. పేరు విని అత్తాకోడళ్ళ కథ అనుకునేరు! హత్యానేరం నెత్తిన పడిన ఒక పిల్లవాడి కథ, వాడి తల్లి కథ.

ఎమ్మా అనే ఇల్లాలు వెర్మాంట్ రాష్ట్రంలో వుంటుంది. భర్త ఎప్పుడో విడిచి వెళ్ళాడు. పత్రికలో పాఠకుల ఉత్తరాలకు సలహాలు రాస్తూ, ఇద్దరు కొడుకులను పెంచుకొస్తోంది. పెద్దవాడు జేకబ్‌కి పద్దెనిమిదేళ్ళు. ఆటిజంలో ఆస్పర్జర్ అని పిలిచే రకం. తెలివి బోలెడు. నేర పరిశోధన అంటే ప్రాణం. కానీ ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడలేడు, వెటకారం అర్థం కాదు, రోజుకో రంగు తిండి తప్పితే ఇల్లు అదిరిపోతుంది. చిన్నవాడు థియోకి పదిహేనేళ్ళు. అన్నను చూసుకునే తమ్ముడు కావడంతోనే వాడి బాల్యం అయిపోయింది. ఈ థియో బాధ మనం పట్టించుకోం గానీ, ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక థియో వుంటాడు.

జేకబ్‌కి నలుగురిలో మసలడం నేర్పే యువతి చనిపోయి కనిపిస్తుంది. టీవీ వార్తల్లో ఆమె శవానికి చుట్టిన దుప్పటి చూసి ఎమ్మా కొయ్యబారిపోతుంది. అది తన కొడుకు దుప్పటి! నోరు మూసుకోవాలా, పోలీసులకు చెప్పాలా? ఆమె చెబుతుంది. ఆ తల్లి స్థానంలో మీరుంటే ఏం చేసేవారో ఒక్కసారి ఆలోచించండి. నాకు ఇప్పటికీ తేల్చుకోవడం చేతకాలేదు.

ఆ ఇంటి కట్టుబాట్లు అయిదు. తన చెత్త తనే శుభ్రం చేసుకోవాలి, నిజం చెప్పాలి, తమ్ముణ్ణి చూసుకోవాలి, ఇలాంటివే. మనకవి మాటవరస. జేకబ్‌కి శాసనం. నిజం చెప్పమంటే చెబుతాడు, కానీ అడిగినదానికే. అడగనిది చెప్పాలని వాడికి తోచదు. ముగింపు చెప్పి మీ సరదా పాడుచేయను గానీ, రెండు కట్టుబాట్లు ఒకదానికొకటి అడ్డం వస్తే వాడు దేనికి నిలబడ్డాడన్నదే కథంతా.

ఇది చదువుతుంటే నాకు మా పుట్టినిల్లు మోత్కూర్ గుర్తుకొచ్చింది. అప్పటి నల్గొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. నలభై ఏళ్ళ కిందటి మాట. మా వాడకట్టులో ఒక పిల్లగాడు వుండేవాడు. బస్సుల బోర్డులు వరసగా అప్పజెప్పేవాడు, పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. ఒకనాడు ఒకరింట్లో గొలుసు పోయింది. "గొలుసు నువ్వే తీసినవ్ గదరా?" అని గద్దించారు. వాడు "నువ్వే తీసినవ్ గదరా" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. "పెద్దోళ్ళనే అంటడా! మొగం సూడు, ఎట్ల దాస్తున్నడో" అని రెండు దెబ్బలు వేశారు. వాళ్ళమ్మ అడ్డం పడి, "వాడట్లనే అంటడు పెద్దమ్మా, వాడికి తెల్వదు" అని ఏడ్చింది. మూడోనాడు గొలుసు జాలారు కాడ దొరికింది. ఎవరూ ఆమె గడప తొక్కి ఆ మాట చెప్పలేదు.

విన్నమాటను విన్నట్టే తిరిగి చెప్పడం, 'నేను', 'నువ్వు' తారుమారు చేయడం ఆటిజంలో తరచు కనిపించే లక్షణాలని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. లియో కానర్ అనే వైద్యుడు 1943లో పదకొండుమంది పిల్లల గురించి రాసినప్పుడే ఇవి గుర్తించాడు. మరుసటి ఏడు వియన్నాలో ఆస్పర్జర్ తన పరిశీలనలు రాశాడు. 2013 నుంచి అమెరికా వైద్యులు ఆ పేరు విడిగా వాడక, అన్నిటినీ ఒకే ఆటిజం కింద చేర్చారు. మధ్యలో కొన్నేళ్ళు, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఇది వస్తుందని, 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అని పేరుపెట్టి మరీ నిందించారు. ఆ మాట తప్పని తేలింది గానీ, అత్తవారిళ్ళలో ఇంకా వినబడుతూనే వుంది.

నవలలో నాకు నచ్చనిదీ ఒకటుంది. టీకాలవల్లే కొడుక్కి ఇలా అయిందని ఎమ్మా అనుమానం. పన్నెండుమంది పిల్లలను చూపి 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసంతో పుట్టిన భయమది. నవల వచ్చిన 2010లోనే ఆ పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. టీకాలకూ ఆటిజానికీ సంబంధం లేదని పెద్ద పరిశోధనలు తేల్చాయి. కథ చదివి పసిపిల్లల టీకాలు మానుకోకండి.

ఇక పోలీసుల సంగతి. నవలలో డిటెక్టివ్, కేసులో సలహా కావాలన్నట్టు జేకబ్‌ను మాటల్లోకి దింపుతాడు. వాడు సంబరంగా చెప్పుకుపోతాడు. పద్దెనిమిది నిండాయి గనుక తల్లి పక్కన కూర్చునే వీలుండదు. మరి మనకో? 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం, వికలాంగుణ్ణి సాక్షిగా విచారించడానికి స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టరాదు. ఇంటికే వచ్చి అడగాలి. పాత చట్టంలోనూ 2013 సవరణతో ఈ రక్షణ వచ్చింది. పద్దెనిమిది నిండని పిల్లవాణ్ణి నేరం మోపి పట్టుకుంటే లాకప్‌లో పెట్టకూడదు. ఇరవైనాలుగు గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి.

అయితే వాడికి ఆటిజం వుందని చూపే కాగితం వుండాలి గదా! ఇది 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవైయొక్క వైకల్యాల్లో ఒకటి. ఆ సర్టిఫికెట్ ముందే తీసుకుని పెట్టుకోండి. పద్దెనిమిది నిండాక సంరక్షకుల కోసం నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు వుండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. పరీక్షలకూ సలహాకూ సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో జాతీయ సంస్థ వుంది, 1984లో పెట్టినది. మోత్కూర్ నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి ఇల్లు చేరవచ్చు.