మీకు తెలుసా? అమెజాన్ అడవిని చూసే కన్ను ఎగిరింది శ్రీహరికోట నుంచే!

బ్రెజిల్ తానే రూపొందించి, కూర్చి, పరీక్షించి, నిర్వహణ కూడా చేపట్టిన తొలి భూ పరిశీలన ఉపగ్రహం అమెజోనియా-1. బరువు 637 కిలోలు. 2021 ఫిబ్రవరి 28న ఇస్రో వారి పీఎస్ఎల్‌వీ-సి51 రాకెట్ దాన్ని కక్ష్యలోకి చేర్చింది. అంతకుముందు చైనాతో కలిసి ఉపగ్రహాలు చేసిన దేశానికి ఇది పెద్ద మలుపు. ఆ రోజు శ్రీహరికోటలో నిలబడి ప్రయోగం చూసిన బ్రెజిల్ మంత్రి మార్కోస్ పొంటెస్ స్వయంగా వ్యోమగామి, అంతరిక్షానికి వెళ్లిన తొలి బ్రెజిల్ పౌరుడు.

దీని కెమెరా ఒకేసారి దాదాపు 850 కిలోమీటర్ల వెడల్పున నేలను చూస్తుంది. చిత్రంలో ఒక్కో చుక్క సుమారు 60 మీటర్ల చదరం, అంటే ఎకరంలోపు నేల. ఒంటరి చెట్టు కనబడదు గానీ, కొట్టేసిన అడవి మచ్చలా బయటపడుతుంది. పచ్చటి ఆకులు మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి; కెమెరా ఆ కాంతినీ పట్టుకుంటుంది. చెట్లు పోయిన చోట ఆ మెరుపు ఒక్కసారిగా తగ్గిపోతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం అయిదు రోజులకోసారి అదే చోటికి తిరిగి రావడం. అమెజాన్ మీద మబ్బులు తరచూ కమ్ముకుని ఉంటాయి. ఈ వారం మబ్బు అడ్డొస్తే మరో అయిదు రోజులకే ఇంకో అవకాశం. అడవి దొంగలు నెలలో ఎంత కొట్టేస్తారో తలచుకుంటే ఇంత త్వరగా మళ్లీ చూడగలగడం చిన్న విషయం కాదు.