కటకం నడుమ ఎక్కడుంది?

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో మా అందరికీ ఇష్టమైన ప్రయోగం యూ–వీ పద్ధతి. ఒక కొవ్వొత్తి, కుంభాకార కటకం, తెర, మీటరు స్కేలు ఉంటే చాలు. చెమటలు కారుతున్నా ఫ్యాను మాత్రం వేయకూడదు, మంట నిలవదు. కొవ్వొత్తి నుంచి కటకానికి ఉన్నది వస్తు దూరం, అది యూ. కటకం నుంచి తెరకు ఉన్నది ప్రతిబింబ దూరం, అది వీ. రెంటినీ గుణించి, వాటి మొత్తంతో భాగిస్తే నాభ్యంతరం. 30, 60 వచ్చాయంటే 1800ని 90తో భాగించి 20 సెంటీమీటర్లని రాసేయడమే. మా బ్యాచ్‌లో సగం మందిమి ముందు 20 రాసుకుని, తర్వాత తీరిగ్గా యూ, వీలు పుట్టించేవాళ్లం. ఇప్పుడు చెప్పినా మార్కులు వెనక్కి తీసుకోరు కదా!

ఒక్క సంగతి మాత్రం మాలో ఎవరూ అడగలేదు. దూరాన్ని కటకంలో ఎక్కణ్ణుంచి కొలవాలి? గాజుకు మందం ఉంది. స్టాండులో అది కాస్త ముందుకో వెనక్కో కూర్చుంటుంది. స్టాండు అడుగున ఉన్న గీత సరిగ్గా కటకం నడుమకే వస్తుందని నమ్మకమేమీ లేదు. గీత అర సెంటీమీటరు పక్కకు ఉందనుకోండి. 30 కాస్తా 30.5 అవుతుంది, 60 కాస్తా 59.5. నాభ్యంతరం 20.16 అని తేలుతుంది. ల్యాబులో దీన్నెవరూ పట్టించుకోరు. ఆకాశంలో కోణాలు కొలిచేవాడికి మాత్రం ఆ తప్పు కొలిచిన ప్రతి అంకెలోకీ పాకుతుంది.

కటకాల లెక్క పాతదే. వక్రీభవన నియమం సరిగా తెలియని రోజుల్లోనే, చిన్న కోణాలకు సరిపోయే ఉజ్జాయింపుతో కెప్లర్ 1611లో కటకాల తీరు వివరించాడు. 1693లో హేలీ, ఆ తోకచుక్క హేలీయే, అన్ని రకాల కటకాలకూ పనికొచ్చే సూత్రాన్ని బీజగణితంతో రాబట్టాడు. గీత తంటాను తప్పించే ఉపాయం చెప్పింది మాత్రం బెస్సెల్.

బ్రెమెన్‌లో ఒక వర్తక సంస్థలో లెక్కలు రాస్తూ పైకొచ్చిన మనిషి ఫ్రెడరిక్ బెస్సెల్. కాలేజీ చదువు లేకుండానే కోనిగ్స్‌బర్గ్ అబ్జర్వేటరీకి అధిపతి అయ్యాడు. అక్కడ ఆయన చేతికి హీలియోమీటరు వచ్చింది. ఫ్రాన్‌హోఫర్ కార్ఖానా తయారీ అది. దూరదర్శినికి ప్రాణమైన వస్తు కటకాన్ని అందులో నడిమికి రెండు చెక్కలుగా కోశారు. అంత మంచి గాజును కోయడానికి గుండె ధైర్యం కావాలి! ఏ చెక్కకు ఆ చెక్క పూర్తి ప్రతిబింబాన్ని ఇస్తుంది. మర తిప్పి ఒక చెక్కను జరిపితే, ఒక నక్షత్రం బొమ్మ వచ్చి పక్క నక్షత్రం బొమ్మ మీద కూర్చుంటుంది. చెక్క ఎంత జరిగిందో దాన్ని నాభ్యంతరంతో భాగిస్తే రెండు నక్షత్రాల మధ్య కోణం. ఈ పనిముట్టుతోనే 1838లో ఆయన 61 సిగ్ని నక్షత్రం పారలాక్స్, అంటే చూసే చోటు మారితే అది పక్కకు జరిగినట్టు కనిపించే కోణం, 0.31 ఆర్క్ సెకను అని తేల్చాడు. సుమారు రెండున్నర మీటర్ల నాభ్యంతరం ఉన్న ఆ కటకం దగ్గర అంత కోణానికి చెక్క జరగాల్సింది మిల్లీమీటరులో సుమారు 250వ వంతు. మేం ల్యాబులో రెండు గుండుసూదుల మధ్య పారలాక్స్ పోగొట్టలేక నానా అవస్థా పడేవాళ్లం.

దూరదర్శిని వస్తు కటకం నాభ్యంతరాన్ని కనుక్కునే ఉపాయాన్ని ఆయన 1840లో ప్రచురించాడు. వస్తువునూ తెరనూ కదపొద్దు. వాటి మధ్య ఎడం నాభ్యంతరానికి నాలుగు రెట్లు దాటి ఉండాలి. కటకాన్ని మాత్రం జరుపుతూ పోతే రెండు చోట్ల ప్రతిబింబం తేటగా పడుతుంది. యూ, వీలను తారుమారు చేసినా సూత్రానికి ఒకటే కాబట్టి 30–60 దగ్గర కుదిరింది 60–30 దగ్గరా కుదురుతుంది. కటకం ఎక్కడుందన్నది వదిలేసి, ఎంత జరిగిందో చూసుకుంటే చాలు. ఇక్కడ 30 జరిగింది. ఎడం వర్గం 8100లోంచి జరుగుడు వర్గం 900 తీసేసి, ఎడానికి నాలుగు రెట్లయిన 360తో భాగిస్తే 20. గీత అర సెంటీమీటరు తప్పుంటే రెండు చోట్లా అంతే తప్పుంటుంది, తీసివేతలో ఎగిరిపోతుంది. మందంగా ఉన్న కటకానికి మాత్రం ఇక్కడా చిన్న సవరణ తప్పదు. అలాంటి కటకానికి నడుమ ఒకటి కాదు, రెండు ప్రధాన బిందువులుంటాయని గణితవేత్త గాస్ దాదాపు అదే కాలంలో చూపించాడు.

మొన్న కరెంటు పోయిన రాత్రి కొవ్వొత్తి ఎలాగూ వెలుగుతోంది కదా అని, ఇంట్లో ఉన్న భూతద్దంతో బల్ల మీద చేసి చూశాను. కొవ్వొత్తికీ అట్టకీ మధ్య 60 సెంటీమీటర్లు పెడితే, అద్దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపినా మసక తప్ప ఏమీ కనపడలేదు. అట్టను 80కి జరిపాను. అద్దం కొవ్వొత్తికి 24 దూరంలో ఉండగా అట్ట మీద తలకిందులుగా ఇంత పెద్ద మంట పడింది. ఇంకో 32 జరిపితే మళ్లీ మంట, ఈసారి బియ్యపు గింజంత. 6400లోంచి 1024 తీసేసి 320తో భాగించాను. 16.8 సెంటీమీటర్లు. ఈలోగా కరెంటొచ్చింది, ఫ్యాను తిరిగింది, మంట ఆరిపోయింది.