పలుచని గాలిలో పాదయాత్ర

హిమాలయములలో కాలినడకను కొన్నాళ్ళు తిరిగి రావలెనను కోరిక నేడు మనవారిలో యువకులకే గాక నడివయస్సు దాటినవారికిని కలుగుచున్నది. ఇంటిలో ఎవరైన ఈ మాట ఎత్తగానే పెద్దలకు తోచు భయములు మూడు: చలి, లోయ, దారి తప్పుట. ఈ భయములు నిరాధారములు కావు. కాని చలికి ఉన్నిబట్టలు కలవు. లోయ కంటికి కనబడును గనుక మనిషి వెరచి తొలగి నడచును. దారి తెలిసినవాడు వెంట నున్నచో దారి తప్పదు. కంటికి కనబడక, చెవికి వినబడక, మంచి ఆరోగ్యవంతుని సైతము పడవేయునది మరియొకటి కలదు. అది గాలి పలుచబడుట. ట్రెక్కింగ్ అని అందరును పిలుచుచున్న ఈ పాదయాత్రకు సాధారణముగా త్రాళ్ళతోను మంచుగొడ్డళ్ళతోను పనిలేదు, నడువగలవాడెవడైనను బయలుదేరవచ్చును. అందుచేతనే ఇది సులభమని తోచును. చిక్కంతయు అచ్చటనే ఉన్నది.

గాలిలో ప్రాణవాయువు పాలు ఎచ్చటనైనను నూటికి ఇంచుమించు 21 వంతులే. మచిలీపట్టణపు తీరమున ఎంతయో, ఎవరెస్టు శిఖరముపైనను అంతే. మారునది గాలి ఒత్తిడి. సముద్రమట్టమున పాదరసమును 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలుపు గాలి, 5,500 మీటర్లకు, అనగా సుమారు 18,000 అడుగులకు పోవుసరికి, అందులో సగము ఎత్తుననే నిలుపగలదు. కావున అచ్చట ఒక ఊపిరిలో లోనికి పోవు ప్రాణవాయువు మనకు ఇచ్చట లభించుదానిలో సగమే. మన తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తైన శిఖరము 1,700 మీటర్లకు లోబడినది. ఎవరెస్టు దారిలో నడక మొదలిడు లుక్లా గ్రామమో, 2,800 మీటర్లకు పైబడి ఉన్నది. మన కొండలు ముగిసిన చోటికి వేయి మీటర్ల పైన వారి దారి ఆరంభమగునన్నమాట.

ఈ లుక్లా కథ కొంచెము వివరముగా చెప్పుకొనదగినది. 1953లో ఎవరెస్టు నెక్కిన బృందము నేపాలు లోయనుండి బయలుదేరి తెంగ్‌బోచె మఠమును చేరుటకు 17 దినములు నడచినది. ఆ నడకలో వారు అనేక కనుమలను ఎక్కిరి, దిగిరి. ఆ తరువాత మూడు వారముల వరకు ఆ ప్రాంతపు కొండలపై తిరుగుచు దేహమును ఎత్తునకు అలవరచుకొనిరి. ఆ యాత్రకు ప్రాణవాయువు సిలిండర్లను వెనుకనుండి చేరవేసిన జిమ్మీ రాబర్ట్స్ అను సైనికోద్యోగి, 1964లో ఖాట్మండులో మౌంటెన్ ట్రావెల్ అను సంస్థను స్థాపించి, మరుసటి సంవత్సరము ముగ్గురు అమెరికన్ స్త్రీలను ఎవరెస్టు దారిని నడిపించెను. వినోదమునకై వచ్చు చిన్న బృందముల పాదయాత్ర నేపాలులో ఒక వృత్తిగా రూపొందినది అప్పటినుండియే. అదే 1964లో ఎడ్మండ్ హిల్లరీ పూనికతో లుక్లాలో విమానములు దిగుటకు చిన్న బాట ఏర్పడినది. ఆ ప్రాంతపు షెర్పాలకు పాఠశాలలు, ఆసుపత్రి కట్టుటకు సామగ్రి చేరవేయుట దాని ప్రయోజనము. కాని సామగ్రి వెంట యాత్రికులును దిగసాగిరి. దినముల తరబడి నడక అరగంట విమానయానముతో తీరిపోయెను. తీరిపోయినది నడక మాత్రమే కాదు. దేహము మెల్లమెల్లగా సర్దుకొనుటకు ఆ నడక ఇచ్చుచుండిన గడువు కూడ తీరిపోయెను.

ఫలితము త్వరలోనే తెలిసినది. 4,200 మీటర్లకు పైనున్న ఫెరిచె గ్రామమున హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారు ఒక చికిత్సా కేంద్రమును నెలకొల్పిరి. అచ్చట 278 మంది యాత్రికులను పరీక్షించిన వైద్యులు 1976లో ప్రకటించిన వివరముల ప్రకారము, వారిలో నూటికి 53 మందికి ఎత్తుజబ్బు లక్షణములు కనబడినవి. నడచి వచ్చినవారికంటె లుక్లాకు విమానములో వచ్చినవారిలో ఈ జబ్బు హెచ్చు.

ఇంతకును దేహమునకు అచ్చట ఏమి జరుగును? ప్రాణవాయువు తగ్గినదని గుర్తించగానే దేహము శ్వాసను త్వరపెట్టును. త్వరగా శ్వాసించుటచే రక్తమునుండి బొగ్గుపులుసు వాయువు అధికముగా వెడలిపోయి, రక్తములో క్షారగుణము పెరుగును. ఇది గమనించి శ్వాసను నడుపు కేంద్రము వేగమునకు కళ్ళెము వేయును. మూత్రపిండములు రెండు మూడు దినములు శ్రమించి ఆ అధిక క్షారమును వెడలగొట్టిన తరువాతగాని ఈ పెనుగులాట తీరదు. ఆ ఎత్తున మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట అందువలననే. అది మంచి గురుతే. రాత్రివేళ నిద్రలో శ్వాస గబగబ సాగి, కొన్ని క్షణములు పూర్తిగా ఆగి, మరల పెద్ద నిట్టూర్పుతో మొదలగును. ప్రక్కన పరుండిన క్రొత్తవాడు దీనిని విని హడలిపోవును గాని, ఇది ఆ ఎత్తున చాలమందికి కలుగునదే. రక్తములో ఎర్రకణములు చాలినన్ని వృద్ధి యగుటకు వారములు పట్టును.

గృహిణులకు ఈ సంగతి వంటయింటి భాషలో చెప్పవచ్చును. గాలి ఒత్తిడి తగ్గినకొలది నీరు తక్కువ వేడికే మరగును. 4,900 మీటర్ల ఎత్తుననున్న లొబుచె గ్రామమున నీరు సుమారు 84 డిగ్రీలకే తెర్లును. ఆ నీటిలో కందిపప్పు ఎంతసేపు పొయ్యిమీద నున్నను మెత్తబడదు. బియ్యము పైన ఉడికినట్లుండి లోపల పలుకుగా మిగులును. అచ్చటివారు ప్రెషర్ కుక్కరును జడలబర్రెపై నెక్కించుకొని పోవుట ఆడంబరము కాదు. పప్పునకు తగిన ఒత్తిడిని మూతబెట్టి కల్పింపవచ్చును. మనిషి దేహమునకు మాత్రము కాలమే కావలెను.

మైదానపు దేహము ఈ మార్పునకు తగదని తలపరాదు. 2014 మే 25న నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖరము నెక్కెను. ఖమ్మము జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆ యాత్రలో ఆమెతో కూడ శిఖరమును చేరెను. అంతకుముందు వారు డార్జిలింగులోను లడఖ్‌లోను శిక్షణ పొందియుండిరి. తగినంత గడువిచ్చినచో ఎండకు పుట్టి పెరిగిన దేహము కూడ అలవరచుకొనును. ఐతే దేహదారుఢ్యము ఈ జబ్బునుండి కాపాడదు. రోజును పరుగెత్తు యువకుడు తన బలమును నమ్మి వేగముగా ఎక్కి, వెనుక ఆయాసపడుచు వచ్చిన మేనమామకంటె ముందే మంచము పట్టుట తరచుగా జరుగునదే.

జబ్బు గురుతులను ఇంటిల్లిపాదియు తెలిసికొనియుండుట మంచిది. మొదట తలనొప్పి, అన్నము సయింపకపోవుట, వికారము, నిస్త్రాణ, నిద్రపట్టమి. ఇంతవరకు ప్రమాదము స్వల్పము; ఎక్కుట మాని ఉన్నచోటనే ఒకటి రెండు దినములు విశ్రమించినచో సాధారణముగా తగ్గును. దీనిని లెక్కచేయక ఇంకను పైకి పోయినచో రెండు దారుణములు సంభవింపవచ్చును. ఒకటి మెదడు వాపు: మనిషి త్రాగినవానివలె తూలును, మాట తడబడును, ప్రవర్తన మారును. మడమకు వ్రేళ్ళు తాకించుచు గీతవెంబడి నడువుమన్నచో నడువలేడు. రెండవది ఊపిరితిత్తులలో నీరు చేరుట: క్రొత్త ఎత్తునకు వచ్చిన రెండవ రాత్రి ప్రాంతమున ఇది తరచుగా పొడసూపును. కూర్చున్నను ఆయాసము తీరదు, దగ్గు పట్టును, ముదిరినచో గులాబిరంగు నురుగు వచ్చును. తలనొప్పి ముందుగా లేకుండనే ఇది రావచ్చును.

ఈ విషయమున వైద్యలోకమునకు తెలిసినదానిలో మన సైనికుల బాధలనుండి గ్రహించినది చాల కలదు. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు మైదానములనుండి సైనికులను హుటాహుటిగా 11,000 మొదలు 18,000 అడుగుల ఎత్తునకు చేర్పవలసివచ్చెను. ఇందర్ సింగ్ అను సైనిక వైద్యుడు, ఆయన సహచరులు 1,925 మంది రోగులను పరిశీలించి 1969లో ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమున నేటికిని పేర్కొనబడుచున్నది.

చికిత్సలో మొదటిది, ముఖ్యమైనది, క్రిందికి దిగుట. ప్రాణవాయువు సిలిండరు, గాలి నింపి రోగిని లోపల పరుండబెట్టు ఒత్తిడి సంచి, కొన్ని ఔషధములు సహాయపడును. అవి దిగుటకు వ్యవధి కల్పించును గాని దిగుటకు బదులు కావు. ముందుజాగ్రత్తకై వాడు మాత్రలను వైద్యుని అడిగియే పుచ్చుకొనవలెను. నివారణకు వైద్యులు చెప్పు సూత్రము సరళమైనది: 3,000 మీటర్లు దాటిన పిదప ఏ రాత్రి నిద్రయు ముందటి రాత్రికంటె 500 మీటర్లకు మించి పైన ఉండరాదు, మూడు నాలుగు దినములకు ఒకసారి ఎత్తు పెంచక ఆగవలెను. అందుచేతనే ఎవరెస్టు దారిలో తెలివిగలవారు 3,440 మీటర్ల నామ్చె బజారులో రెండు రాత్రులు, 4,400 మీటర్ల దింగ్‌బోచెలో రెండు రాత్రులు గడుపుదురు. పగటివేళ పైకి నడచి చూచి, రాత్రికి దిగివచ్చి పరుందురు.

సూత్రము ఇంత సులభమైనప్పుడు జనులు ఏల మరణింతురు? ఇచ్చటనే బృందము ప్రసక్తి వచ్చును. నేపాలులో 1987 మొదలు 1991 వరకు జరిగిన యాత్రికుల మరణములను వైద్యులు పరిశీలింపగా, ఎత్తుజబ్బుచే చనిపోయినవారిలో నూటికి 80 మంది ఎవరో ఏర్పరచిన బృందములతో పోయినవారేయని తేలినది. యాత్రికులలో అట్టి బృందములతో పోవువారు సగమునకు తక్కువయే. తోడున్నచోట రక్షణ హెచ్చుగా ఉండవలెను గదా! కాని బృందమునకు ఒక పట్టిక ఉండును, తిరుగు టిక్కెట్టు ఉండును, పదిమంది చెల్లించిన సొమ్ము ఉండును. తన వలన అందరును ఆగవలసివచ్చునని ఒకడు తలనొప్పిని దాచుకొనును. అజీర్ణమనును, ఎండదెబ్బ యనును, రాత్రి నిద్రలేదనును. మంచి మనిషియే ఇట్లు దాచును, అదియే విచారకరము. నా అభిప్రాయమున కొండమీద మర్యాదకు ఇంతకంటె తప్పుడు చోటు లేదు.

నలుగురైదుగురు గల చిన్న బృందమునకు ఇచ్చట గొప్ప సౌకర్యము కలదు. ఒకరి ముఖము ఒకరు చూచుకొనగలరు. నిన్న రెండుమార్లు వడ్డించుకొన్నవాడు నేడు కంచము ముట్టలేదన్న సంగతి ఇరువదిమందిలో తెలియదు, నలుగురిలో తెలియును. అందరికంటె మెల్లగా నడచువానిని ముందుంచి, అతని అడుగును బట్టి తక్కినవారు నడువవచ్చును. ప్రతి సాయంకాలము ఒకరినొకరు తలనొప్పి కలదా యని నిస్సంకోచముగా అడుగుట నియమముగా పెట్టుకొనవచ్చును. జబ్బుపడినవానిని బసలో ఒంటరిగా విడిచి తక్కినవారు పైకి పోరాదు. అతనిని ఒంటరిగా క్రిందికిని పంపరాదు. అర్ధరాత్రియైనను, దారి సురక్షితమైనచో, తోడుతో దింపవలెను.

ఈ లెక్కలో మూటలు మోయువారిని మరచిపోరాదు. షెర్పా యనునది ఒక జాతి పేరు, ఒక ఉద్యోగము పేరు కాదు. షెర్పాల పూర్వులు తిబెత్తునుండి వచ్చినవారు. ఎత్తునకు తరతరములుగా అలవడిన దేహములు వారివి. మోతగాండ్రలో పెక్కుమంది మాత్రము క్రింది లోయలనుండి కూలికై వచ్చినవారు. వారికిని మనకు వలెనే జబ్బు చేయును. కూలి పోవునను భయముచే వారు మనకంటె హెచ్చుగా దాచుదురు. సాయంకాలపు ప్రశ్న వారినికూడ అడుగవలెను.

ఇక వాతావరణము. 1953 యాత్రికులకై బి.బి.సి.యును ఆలిండియా రేడియోయును ప్రత్యేక వాతావరణ సూచనలను ప్రసారము చేసినవి. అట్టి సూచన అందని యాత్రికుల గతి ఏమగునో 2014లో తెలిసినది. ఆ సంవత్సరము అక్టోబరు 12న విశాఖపట్టణమును ధ్వంసము చేసిన హుద్‌హుద్ తుపాను మనవారెవరును మరువలేదు. అది భూమిపై బలహీనపడుచు ఉత్తరమునకు సాగి, రెండు దినములకు నేపాలులోని అన్నపూర్ణ ప్రాంతమున పెనుమంచుగా కురిసినది. 5,416 మీటర్ల ఎత్తుననున్న థోరాంగ్ లా కనుమను ఆ దినమున దాటుచుండినవారు దారి కానరాక చిక్కుకొనిరి. ఆ ప్రాంతమంతటను నలుబదిమందికి పైగా యాత్రికులు, వారి సహాయకులు, స్థానికులు మరణించిరి. తుపాను కదలిక శాస్త్రజ్ఞులకు తెలియును. ఆ వార్త కొండబసలలోని పెక్కుమందికి సకాలమున చేరలేదు. అక్టోబరు మాసము అచ్చట సాధారణముగా ఆకాశము నిర్మలముగా ఉండు కాలము గనుక ఎవరును సందేహింపలేదు. బంగాళాఖాతమున తుపాను ఉన్నదని విన్నప్పుడు మన బెస్తవారు పడవలను ఒడ్డునకు లాగుదురు. ఆ వార్త హిమాలయమున నడచువానికి కూడ సంబంధించినదేనని అప్పటినుండి తెలిసికొనవలసివచ్చినది.

మీ ఇంటినుండి కుమారుడో కుమార్తెయో ఇట్టి యాత్రకు బయలుదేరుచున్నప్పుడు, తీసికొనిపోవువారిని ఉన్నికోటు ఖరీదుకంటె ముందుగా కొన్ని సంగతులు అడుగుడు. ఏ రాత్రి ఎంత ఎత్తున బస? ఎత్తు పెంచక ఆగు దినములెన్ని? పట్టికలో వాడక మిగిలిన దినము ఒకటైనను కలదా? ఒకరికి జబ్బు చేసినచో వెంట దిగివచ్చు మనిషి ఎవరు, అతనికి ఆ ప్రాంతపు భాష వచ్చునా? వాతావరణ వార్త ప్రతిదినము ఎవరు తెలిసికొందురు? వీనికి తడుముకొనక జవాబు చెప్పినవారితో పంపుడు. పోవువానితో మాత్రము ఒక్కమాట చెప్పుడు: శిఖరము చూడక మరలి వచ్చినను ఇంట ఎవరును ఏమియు అనరని. ఆ మాట ముందుగా చెప్పియున్నచో, అచ్చట తలనొప్పి దాచవలసిన అవసరము అతనికి కలుగదు.