మేడమ్ బాఖ్ చేతిరాత

కీబోర్డో పియానోనో నేర్చుకునే పిల్లల చేతికి మొదట్లోనే వచ్చే బాణీల్లో జి మేజర్ మిన్యుయెట్ ఒకటి. విజయవాడలో నేర్చుకున్నా వియన్నాలో నేర్చుకున్నా దాని దగ్గర కొన్నాళ్ళు ఆగి ముందుకు వెళ్ళాల్సిందే. చాలాకాలం దాన్ని యోహాన్ సెబాస్టియన్ బాఖ్ పేరు మీదే అచ్చువేశారు. నిజానికి అది డ్రెస్డెన్‌లో ఆర్గన్ వాయించిన క్రిస్టియన్ పెట్జోల్డ్ కూర్చినది. బాఖ్ ఇంటి సంగీత పుస్తకంలో, పక్కన ఎవరి పేరూ లేకుండా కనిపించింది కాబట్టి ఆయనదే అనుకున్నారు. పుస్తకమేమో ఆయన రెండో భార్య అన్నా మగ్దలేనాది. ఆకుపచ్చ అట్ట మీద ఆమె పేరులోని మూడు తొలి అక్షరాలు, కింద 1725 అనే అంకె ఉంటాయి. ఇన్నేళ్ళుగా ఆమెను తలచుకునే తీరు దాదాపు ఒకటే: పదమూడుమందిని కన్న తల్లి, సవతి పిల్లల్ని కడుపులో పెట్టుకుని చూసుకున్న తల్లి, భర్త రాసింది ఓపికగా ఎత్తిరాసిపెట్టిన ఇల్లాలు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే తల్లి అన్న మాట ముందు చెప్పేసి, సంగీతం కూడా వచ్చట అని చివర్లో తగిలించడం అన్యాయమని నా వాదన. ఆమె పిల్లల్ని పెంచిందీ, చర్చికి సేవ చేసిందీ ఒకే చేత్తో, ఒకే బల్ల మీద. ఒకదాన్ని పక్కన పెడితే రెండోది కూడా అర్థం కాదు.

ఆమె పెళ్ళితో సంగీతంలోకి వచ్చిన మనిషి కాదు. 1701లో సాక్సనీలోని జైట్స్ పట్టణంలో పుట్టింది. తండ్రి బూరా వాయించే విద్వాంసుడు, తల్లి ఒక ఆర్గనిస్టు కూతురు. ఇరవై ఏళ్ళకే కోథెన్ ఆస్థానంలో జీతం తీసుకునే గాయని. 1721 డిసెంబరులో బాఖ్‌ను పెళ్ళాడాక కూడా ఆ ఉద్యోగం మానలేదు. అదే ఆస్థానంలో సంగీతానికి పెద్ద అయిన భర్త జీతంలో దాదాపు సగం ఆమెకు వచ్చేది. ఈ లెక్క ముఖ్యం. ఎందుకంటే 1723లో బాఖ్ లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ బడికి కాంటర్‌గా, అంటే అక్కడి చర్చిల సంగీతానికి బాధ్యుడిగా కుదిరినప్పుడు ఆ ఇంట్లో ఉద్యోగం పోగొట్టుకున్నది ఆమె ఒక్కతే. లైప్‌జిగ్ లూథరన్ చర్చిల్లో అప్పట్లో ఆడవాళ్ళు సంఘంతో కలిసి కూర్చున్నచోటే కీర్తన పాడవచ్చు. గాయకబృందంలో నిలబడి కంటాటా, అంటే వాద్యాలతో పాడే ఆరాధన గానరచన, పాడకూడదు. పైస్థాయి గొంతైన సొప్రానో వరసలన్నీ బడిపిల్లలవే. 1842లో హేయర్ అనే మిషనరీ గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ సంఘం మూలాలు కూడా ఆ జర్మన్ సంప్రదాయంలోనే ఉన్నాయి. ఆడవాళ్ళు లేని క్వాయర్‌ను ఊహించలేని ఈనాటి తెలుగు క్రైస్తవులకు, అప్పటి లైప్‌జిగ్‌లో ఆదివారం పూట ఒక ఆస్థాన గాయని గాయకబృందంలో చోటు లేక కింద కూర్చుందన్న సంగతి వింతగానే తోస్తుంది. ఆమె గొంతు తగ్గిందేమో అనడానికీ వీల్లేదు. 1730 అక్టోబరులో బాఖ్ పాత స్నేహితుడు ఎర్డ్‌మాన్‌కు రాసిన ఉత్తరంలో, తన ఇంటివాళ్ళతోనే ఒక కచేరీ నడపగలనని చెబుతూ భార్య సొప్రానో స్వచ్ఛంగా ఉంటుందని ప్రత్యేకించి రాశాడు.

పాడే చోటు పోయాక ఆ గొంతు ఎక్కడికి వెళ్ళింది? జవాబు ఆ ఆకుపచ్చ పుస్తకంలోనే దొరుకుతుంది. మొదట్లో బాఖ్ తన చేత్తో రాసిన రెండు పార్టీటాలు, అంటే నాట్యబాణీల వరసలు, ఉన్నాయి. ఆ తర్వాత ఎక్కువ పేజీలు ఆమె రాతే. మిన్యుయెట్లు, పొలొనేజులు, భక్తిగీతాలు, సవతి కొడుకు ఇమాన్యుయేల్ కుర్రతనంలో కట్టిన చిన్న చిన్న బాణీలు. వాటి నడుమ ఒకచోట, 1727 ఫిబ్రవరిలో బాఖ్ చర్చి కోసం కూర్చిన ఒక కంటాటాలోని భాగం కనిపిస్తుంది. లూకా సువార్తలో పసివాడైన యేసును చేతుల్లోకి తీసుకుని, ఇక నిశ్చింతగా పోతాను ప్రభువా అన్న ముసలి సుమెయోను కథ దానికి ఆధారం. చర్చిలో దాన్ని పాడినది మగ గొంతు, మంద్రస్థాయి బాస్. అన్నా మగ్దలేనా అందులోంచి కన్నుమూతను నిద్రగా తలచుకునే పాటను ఎంచుకుని, తన సొప్రానోకు సరిపడే శ్రుతిలో పుస్తకంలోకి ఎక్కించుకుంది. చర్చిలో తనకు దక్కని పాటను ఇంట్లో తన గొంతుకు తెచ్చుకుంది. అప్పుడు ఆ ఇల్లు ఎలా ఉందో కూడా చూడాలి. 1723 నుంచి 1733 దాకా పదకొండేళ్ళలో ఆమెకు పది కాన్పులు. 1726కూ 1733కూ మధ్య ఏడుగురు పిల్లలు పోయారు. మూడేళ్ళు బతికిన పెద్దపాప మొదలు, పుట్టిన ఒకటి రెండు రోజులకే పోయిన పసికందు దాకా. బాలింతగా లేచేసరికి ఇంకో బిడ్డను సాగనంపాల్సి వచ్చిన కాలంలో ఒక తల్లి ఈ పాటను ఏ మనసుతో రాసుకుందో నిరూపించడం ఎవరి తరమూ కాదు. ఆ పుస్తకంలో తల్లి ఏ పేజీలో ఆగింది, గాయని ఏ పేజీలో మొదలైంది అని గీత గీయడం మాత్రం అసాధ్యమని పేజీలు చూస్తేనే తెలుస్తుంది.

ఇక ఎత్తిరాత సంగతి. అది గుమస్తా పని కదా, అందులో కళేముంది అని అడిగేవాళ్ళున్నారు. ముందు ఆ పని పరిమాణం తెలియాలి. లైప్‌జిగ్‌లో తొలి ఏళ్ళలో బాఖ్ దాదాపు ప్రతి ఆదివారానికీ ఒక కంటాటా సిద్ధం చేశాడు. ఆయన మూలప్రతి ముగించాక ప్రతి గొంతుకూ, ప్రతి వాద్యానికీ వేరువేరు కాగితాలు ఆరాధన గంట కొట్టేలోపు తయారు కావాలి. బడిపిల్లలు, ఎదిగిన కొడుకులు, భార్య అందరూ ఆ పనిలో ఉండేవారు. తప్పుగా పడ్డ ఒక్క స్వరం ఆదివారం సంఘమంతటికీ వినబడుతుంది. సంగీతం చదవలేని చెయ్యి ఆ వేగంతో ఆ పని చేయలేదు. ఇప్పుడు ఆ చేతి పనికి ఒకే ఒక్క నమూనా దగ్గరగా చూద్దాం. చెల్లో వాద్యం నేర్చినవాళ్ళు జీవితమంతా సాధన చేసే ఆరు సూట్లకు బాఖ్ స్వహస్త ప్రతి ఎక్కడా మిగల్లేదు. మిగిలిన పాత ప్రతుల్లో అన్నా మగ్దలేనా రాసినది చాలా ముఖ్యమైనది. బాఖ్ దగ్గర నేర్చుకున్న ష్వాన్‌బెర్గ్ అనే వాద్యకారుడి కోసం రాసింది. కూర్చినది బాఖ్ అనీ, రాసినది ఆయన భార్య మేడమ్ బాఖ్ అనీ ముఖపత్రం మీద ష్వాన్‌బెర్గే రాసిపెట్టాడు. ఆ ప్రతి ఇప్పుడు బెర్లిన్ రాజ్య గ్రంథాలయంలో ఉంది.

ఆ ప్రతిలో లోపాలు లేవా? ఉన్నాయి, దాచాల్సిన పనిలేదు. ఒకే కమాను లాగులో ఎన్ని స్వరాలు పలికించాలో చెప్పడానికి స్వరాల మీద ఒక వంపుగీత గీస్తారు. ఆమె గీసిన వంపులు చాలాచోట్ల ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో తేలదు. ఒకేలా ఉండాల్సిన రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటాయి. చెల్లో వాద్యకారులు ఈనాటికీ వాటి గురించి తగువులాడుకుంటారు. కానీ ఆమెను తూచడానికి ఒక మంచి తక్కెడ ఉంది. అదే ష్వాన్‌బెర్గ్ కోసం ఆమె ఏకవయొలిన్ రచనలనూ ఎత్తిరాసింది, వాటికి 1720 నాటి బాఖ్ సొంత ప్రతి మిగిలే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వంపుగీతలు జారాయి గానీ, స్వరాల విషయంలో ఆమె మూలాన్ని దగ్గరగా అంటిపెట్టుకుందని తెలుస్తుంది. చెల్లో ప్రతిని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడానికి మనకున్న గట్టి ఆధారం ఆ పోలికే. ఒకప్పుడు పరిశోధకులే ఆమె రాతను ఆయన రాతగా పొరబడ్డారు. అంత దగ్గరగా ఇద్దరి చేతులూ కలిసిపోయాయి.

దీనికి ఎదురు కొసనుంచి వచ్చే వాదన ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియాలో పనిచేసిన సంగీతజ్ఞుడు మార్టిన్ జార్విస్, ఆ చెల్లో సూట్లను అసలు కూర్చిందే ఆమె అని 2011లో పుస్తకమే రాశాడు. 2014లో దాని మీద సినిమా కూడా వచ్చింది. బాఖ్‌ను చదివిన పండితులు, పేరున్న చెల్లో వాద్యకారులు ఆధారాలు చాలవని తోసిపుచ్చారు. నాకూ వాళ్ళ మాటే సబబుగా తోస్తుంది. ఆమెకు గౌరవం తేవాలన్న ఆరాటం అందులో ఉందని ఒప్పుకుంటాను. కానీ గౌరవించాలంటే ముందు ఆమెను స్వరకర్తను చెయ్యాలి అనుకోవడంలోనే పాడేవాళ్ళూ రాసిపెట్టేవాళ్ళూ తక్కువ అన్న చిన్నచూపు దాగి ఉంది. 1925లో ఎస్తర్ మెనెల్ అనే ఇంగ్లిష్ రచయిత్రి ఆమె స్వగతంలా ఒక కల్పిత చరిత్ర రాసినప్పుడు, చాలామంది పాఠకులు దాన్ని ఆమె అసలు జ్ఞాపకాలే అనుకున్నారు. పతిని పూజించే ఆ ఇల్లాలి బొమ్మను స్థిరపరచడంలో పెద్ద చెయ్యి ఆ కల్పనదే. అటు పూజారిణిని, ఇటు రహస్య స్వరకర్తను చేయడం రెండూ ఆమె చేసిన పనిని చూడకుండా తప్పించుకునే దారులే.

ఆమె తనను తాను తల్లిగానే చూసుకుందేమో, మనం ఎందుకు బలవంతంగా కళాకారిణిని చేయడం అనే ప్రశ్నను మాత్రం తేలిగ్గా తీసేయలేం. ఆ ఇంట్లో కార్యదర్శిగా, పిల్లల పంతులుగా ఉన్న చుట్టం యోహాన్ ఎలియాస్ ఉత్తరాల్లో ఆమె కాస్త కనిపిస్తుంది: పసుపు కార్నేషన్ మొక్కలు వచ్చినప్పుడు చంటిపిల్లల్లా వాటిని సాకిందని, చక్కగా పాడే పిట్టంటే ఇష్టపడిందని. 1750 జులైలో బాఖ్ పోయాక మైనరు పిల్లల సంరక్షణ తనకే ఇవ్వమని అధికారులకు దరఖాస్తు పెట్టి, మళ్ళీ పెళ్ళి చేసుకోనని మాట రాసిచ్చింది. అప్పటికి చిన్న కూతురికి ఎనిమిదేళ్ళు. గాట్‌ఫ్రీడ్ హైన్రిహ్ అనే కొడుకు పెద్దవాడే అయినా బుద్ధి ఎదగక ఒకరి ఆసరా మీద బతకాల్సినవాడు, వాద్యం మీద మాత్రం మంచి చెయ్యి ఉన్నవాడు. కాబట్టి తల్లితనం ఆమె కోరి పట్టుకున్నదే. కానీ ఆ తల్లి చేతిలో ఉన్న ఆస్తి ఏమిటి? స్వరాల కాగితాలు. తన వాటాకు వచ్చిన కోరల్ (సంఘకీర్తనల మీద కట్టిన) కంటాటాల విడి కాగితాలను సెయింట్ థామస్ బడికి అప్పగించింది. 1752లో ఆమె పేదరికాన్ని చూసి, ఇచ్చిన కొన్ని సంగీత ప్రతులకు బదులుగా నగర సభ 40 థాలర్లు చెల్లించింది.

1760 ఫిబ్రవరి 27న ఆమె దానం మీద బతికే వితంతువుగా కన్నుమూసింది. ఎదిగిన కొడుకులు ఉండగా ఈ గతి ఎందుకు పట్టిందన్న కోపం ఆమె కథ చదివిన ఎవరికైనా వస్తుంది, రావాలి కూడా. చిన్న కొడుకు యోహాన్ క్రిస్టియన్ అదే ఏడాది మిలాన్ కెథెడ్రల్‌లో ఆర్గనిస్టు అయ్యాడు. క్రిస్టోఫోరి అనే చిత్రకారుడు వేసిన ఆమె తైలవర్ణ చిత్రం ఒకటి ఇమాన్యుయేల్ ఆస్తి జాబితాలో నమోదైంది. ఆ బొమ్మ పోయింది. సమాధి ఆనవాలు లేదు. ఆమె అప్పగించిన కోరల్ కంటాటాల కాగితాలు లైప్‌జిగ్‌లోనే భద్రంగా ఉన్నాయి. ఈనాటి సంపాదకులు ఆ కంటాటాలను అచ్చుకు సిద్ధం చేసేటప్పుడు ఆ కాగితాల్నే ముందు పెట్టుకుంటారు; ఆ కంటాటాలను ఇప్పుడు పాడేవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.