పేరు మారిన పుస్తకం

బాలలూ! మనుషులు పేర్లు మార్చుకోవటం మీరు వినే వుంటారు. అచ్చయిన ఏడేళ్ళకు ఒక పుస్తకం పేరు మార్చుకున్నదంటే నమ్ముతారా?

2015లో అమెరికాలో అలెక్స్ జీనో అనే రచయిత ఎనిమిది మొదలు పన్నెండేళ్ళ పిల్లల కోసం ఒక నవల రాశారు. దాని పేరు "జార్జ్". నాలుగో తరగతి చదివే జార్జ్‌ను ఇంట్లోనూ బడిలోనూ అందరూ మగపిల్లవాడే అనుకుంటారు. కాని, ఆ బిడ్డకు తాను ఆడపిల్లనని తెలుసు. అద్దంలో చూసుకుంటూ తనను తాను "మెలిస్సా" అని పిలుచుకుంటుంది. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు. పుట్టినప్పుడు ఆడ, మగ అని ఇతరులు అనుకున్నది ఒకటీ, తమ మనసుకు తెలిసినది మరొకటీ అయినవారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అంటారు.

ఆ బడిలో పిల్లలు నాటకం వేస్తున్నారు. 1952లో ఇ. బి. వైట్ రాసిన "షార్లెట్స్ వెబ్" అనే కథ అది. అందులో షార్లెట్ ఒక సాలీడు. తన గూటిలో మాటలు అల్లి, చావు తప్పదనుకున్న ఒక పంది ప్రాణం కాపాడుతుంది. మెలిస్సాకు ఆ వేషం వెయ్యాలని ఎంతో ఆశ. అది ఆడపిల్లల వేషమని పంతులమ్మ ఒప్పుకోలేదు. వేషం ఆమె ప్రాణస్నేహితురాలు కెల్లీకి వచ్చింది. సంగతి తెలిశాక కెల్లీ ఏం చేసిందనుకున్నారు? రెండో ప్రదర్శనలో తన వేషం మెలిస్సాకు ఇచ్చేసింది! ఆ ప్రదర్శన చూడటానికి మెలిస్సా తల్లి కూడా వచ్చింది.

ఈ నవలలో మరో విశేషం వున్నది. మన భాషలో "వచ్చాడు" అంటే మగపిల్లవాడు, "వచ్చింది" అంటే ఆడపిల్ల. ఇంగ్లీషులో ఆ తేడా "హీ", "షీ" అనే చిన్న మాటల్లో వుంటుంది. కథలోని మనుషులు జార్జ్‌ను "హీ" అంటారు. కథ చెప్పే గొంతు మాత్రం మొదటినుంచీ "షీ" అనే అంటుంది.

ఇంత జాగ్రత్తగా రాసినా, అట్ట మీద మాత్రం ఆ పిల్ల వద్దనుకున్న పేరే వుండిపోయింది! 2021లో రచయిత ఆ పేరును దిద్దమని పాఠకులతో చెప్పారు. చాలామంది తమ పుస్తకాల మీద పాత పేరు కొట్టేసి "మెలిస్సా" అని రాసుకున్నారు. 2022లో ప్రచురణకర్తలు కూడా ఆ పేరుతోనే అచ్చు వేశారు.

ఈ పుస్తకం అందరికీ నచ్చలేదు. 2016లో అమెరికా గ్రంథాలయ సంఘం దీనికి స్టోన్‌వాల్ బహుమతి ఇచ్చింది. కాని, గ్రంథాలయాల్లో వుండరాదని ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల జాబితాలో 2018, 2019, 2020 సంవత్సరాలలో ఇదే మొదటిది. ఆ జాబితా ప్రకటించినదీ ఆ సంఘమే.

పిల్లలూ, కెల్లీ పెద్ద సాహసాలేమీ చెయ్యలేదు. స్నేహితురాలు చెప్పినది విన్నది, నమ్మింది, కోరిన పేరుతో పిలిచింది. రేపు మీ పక్క బల్ల మీది నేస్తం మీకొక్కరికే ఇలాంటి సంగతి మెల్లిగా చెబితే, మీరేం చేస్తారు?